చిన్నపిల్లల్లో చక్కెర వ్యాధి: మొదటి రోజుల్లోనే గుర్తించుదాం
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నన్ను పిలిచి, "మాస్టరు గదా, పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. చదువు గురించి ప్రతి ఏడూ చెప్పుకుంటూనే ఉన్నాం. ఈసారి పిల్లల ప్రాణం గురించి చెప్పుకుందామని వారి అనుమతి తీసుకున్నాను. నేను డాక్టరును కాను. ఇరవై ఏళ్లకు దగ్గరగా ఉర్దూ మీడియం ప్రైమరీ స్కూల్లో పాఠం చెబుతున్న వాడిని. కాబట్టి ఇందులో మందుల మోతాదులు ఉండవు. డాక్టర్లను అడిగి తెలుసుకున్నది, బడిలో నా కళ్లతో చూసినది మాత్రమే మీ ముందు పెడతాను.

షుగర్ బీమారి అనగానే మనకు ఎవరు గుర్తుకు వస్తారు? యాభై ఏళ్ల చాచా, అరవై ఏళ్ల నానీ. చాయ్‌లో చక్కెర వద్దనేవాళ్లు, పొద్దున్నే నడకకు పోయేవాళ్లు. ఈ వ్యాధి ఆరేళ్ల పిల్లకు, మూడేళ్ల పిల్లవాడికి, ఒక్కోసారి ఏడాది నిండని పసిబిడ్డకు కూడా వస్తుందని మనలో ఎంతమందికి తెలుసు? నాకూ తెలియదు. తెలియకపోవడం వల్ల ఏమైందో ముందు అదే చెబుతాను.

2009 సంగతి. మూడో తరగతిలో నా దగ్గర ఒక పిల్లవాడు ఉండేవాడు. పేరు చెప్పను, వాళ్లవాళ్లు ఈ పక్క ఊళ్లలోనే ఉన్నారు. తల్లిదండ్రులు ఇళ్ల పనికి పట్నం పోతే పిల్లవాడు దాదీ దగ్గర ఉండి చదువుకునేవాడు. మన పాలమూరు ఇళ్లలో ఇది కొత్త విషయం కాదు గదా. చలికాలం రోజులు. తరగతి మూలన నీళ్ల కుండ ఉండేది. ఈ పిల్లవాడు గంటకు రెండు మూడు సార్లు లేచి ఆ కుండ దగ్గరికి పోయేవాడు. కాసేపు కాగానే ఒక వేలు చూపిస్తూ, "సర్, పేషాబ్" అని నిలబడేవాడు. పాఠం తప్పించుకోవడానికి ఎత్తు వేస్తున్నాడనుకున్నాను. ఒకరోజు పంపలేదు. "కూర్చో, బెల్లు కొట్టినాక పో" అన్నాను. వాడు బెంచీ మీదనే తడుపుకున్నాడు. పిల్లలందరూ నవ్వారు. నేను వాడినే కోపం చేశాను.

రెండు రోజుల తరువాత వాడు బడికి రాలేదు. వాంతులు, కడుపునొప్పి అన్నారు. ఊర్లో వైద్యం చేసే అతను నీరసం పోవడానికి గ్లూకోజు బాటిల్ ఎక్కించాడు. నజర్ తగిలిందని ఎవరో అంటే తావీజు కట్టించారు. మూడో రోజుకు ఊపిరి జోరుగా, లోతుగా తీయసాగాడు. దమ్ము అనుకొని దమ్ము మందు ఇచ్చారు. నాలుగో రోజు మత్తులోకి పోతే జీపు మాట్లాడుకొని పెద్ద దవాఖానాకు తీసుకుపోయారు. అక్కడ డాక్టరు వేలు పొడిచి రక్తం చూస్తే చక్కెర ఆరు వందలు దాటి ఉన్నది. "ఎన్ని రోజుల నుంచి ఇట్లా నీళ్లు తాగుతున్నాడు?" అని డాక్టరు అడిగితే, "నెల నుంచి సాబ్. చలికాలంలో ఇంత దూప ఏందని అనుకున్నం గానీ బీమారి అనుకోలే" అన్నది దాదీ. ఆ రాత్రి గడిచింది. మరుసటి రాత్రి గడవలేదు.

పరామర్శకు పోయినప్పుడు ఆ ముసలమ్మ నన్ను ఒకటే మాట అడిగింది. "మాస్టర్ సాబ్, బడిలో గూడ గిట్లనే నీళ్లు తాగేటోడా?"

అవునని చెప్పడానికి నాకు నోరు రాలేదు. బీమారి తన ఆనవాళ్లన్నీ నా ముందరే, నా తరగతిలోనే చూపించింది. చూసింది నేను, గుర్తించనిది కూడా నేనే. ఆ వైద్యుడి మీద గానీ, తావీజు కట్టిన వారి మీద గానీ నాకు కోపం లేదు. వారికి తెలియనిదే నాకూ తెలియదు. ఆ తెలియనితనం ఈ హాలు వరకైనా ఈ రోజుతో తీరాలని నా మనవి.

ఇప్పుడు ఈ వ్యాధి ఏమిటో కొంచెం వివరిస్తాను. మన కడుపులో జీర్ణకోశం వెనుక క్లోమం అనే గ్రంథి ఉన్నది. అందులోని కొన్ని కణాలు ఇన్సులిన్ అనే రసాన్ని తయారు చేస్తాయి. మనం తిన్న రొట్టె, అన్నం చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది. ఆ చక్కెర ఒంట్లోని కణాల్లోకి పోయి శక్తి కావాలంటే తలుపు తీసేది ఇన్సులిన్. పెద్దవాళ్లకు సాధారణంగా వచ్చే షుగర్‌లో ఇన్సులిన్ కొంత ఉంటుంది గానీ సరిగా పనిచేయదు. అందుకని పథ్యం, మాత్రలతో చాలామందికి నడుస్తుంది. పిల్లలకు ఎక్కువగా వచ్చేది వేరే రకం. దానిని టైప్ వన్ అంటారు. శత్రువులతో పోరాడవలసిన ఒంటి రక్షణ శక్తి పొరపాటున ఇన్సులిన్ చేసే కణాల మీదనే పడి వాటిని నాశనం చేస్తుంది. ఇక ఇన్సులిన్ తయారు కాదు.

కాబట్టి తల్లులు ఒక మాట వినాలి. ఇది మిఠాయి తిన్నందువల్ల వచ్చేది కాదు. తల్లి గర్భంతో ఉన్నప్పుడు ఏదో తిన్నందువల్ల వచ్చేదీ కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు. ఇంట్లో ఎవరికీ షుగర్ లేకున్నా రావచ్చు. ఇందులో ఎవరి పాపమూ లేదు, ఎవరి నజరూ లేదు.

రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండాలు దానిని ఆపలేక మూత్రంలోకి వదిలేస్తాయి. చక్కెర ఒంటరిగా పోదు, నీళ్లను వెంట లాక్కొని పోతుంది. కనుక పిల్లవాడు మాటిమాటికీ మూత్రానికి పోతాడు. ఒంట్లో నీళ్లు తగ్గి దూప అవుతుంది. ఎంత తిన్నా చక్కెర కణాలకు అందదు, అందుకని ఒళ్లు తన కొవ్వునూ కండనూ తానే కరిగించుకుంటుంది, పిల్లవాడు బక్కపడతాడు. శక్తి లేక నీరసపడతాడు. మన పూర్వులు దీనికి మధుమేహమని పేరు పెట్టారు, అనగా తేనెలాంటి మూత్రం. వెయ్యేళ్ల కిందట ఇబ్న్ సీనా కూడా తన వైద్య గ్రంథంలో ఈ వ్యాధిని వర్ణించాడు. ఉర్దూలో మనం జియాబితీస్ అంటాం. పిల్లవాడు మూత్రం పోసిన చోట చీమలు పడుతున్నాయని అమ్మమ్మలు చెబితే నవ్వకండి, అది ఒక ఆనవాలే. అయితే చీమలు రాలేదు గనుక వ్యాధి లేదని మాత్రం అనుకోవద్దు.

గుర్తు పెట్టుకోవలసినవి నాలుగు. ఉర్దూలో ప్యాస్, పేషాబ్, దుబ్లాపన్, థకన్. తెలుగులో దూప, ఒంటికి పోవుడు, బక్కపడటం, నీరసం. మా పిల్లలకు ఎక్కాలతో పాటు ఇవి కూడా నేర్పించాను. వీటికి తోడు మరికొన్ని చిన్న ఆనవాళ్లు ఉన్నాయి. రాత్రి పక్క తడపడం మానేసిన పిల్ల మళ్లీ తడపడం మొదలుపెడుతుంది. రాత్రి రెండు మూడు సార్లు లేచి నీళ్లు తాగుతుంది. ఆకలి ఎక్కువవుతుంది, అయినా బరువు తగ్గుతుంది. ఆడపిల్లలకు మూత్రం పోయే చోట దురద, మంట వస్తుంది. పసిపిల్లలైతే కట్టిన గుడ్డ ఎప్పుడు చూసినా బరువుగా తడిసి ఉంటుంది. ఇవన్నీ కొన్ని రోజుల్లోనో, రెండు మూడు వారాల్లోనో వస్తాయి. ఎంత చిన్న పిల్ల అయితే అంత తొందరగా ముదురుతుంది.

ఇక్కడ మీకు ఒక సందేహం రావచ్చు. "మాస్టరూ, మన దగ్గర ఎండాకాలం వస్తే ప్రతి పిల్లవాడూ బిందె నీళ్లు తాగుతాడు. అందరికీ షుగరేనా?" అని. మంచి ప్రశ్న. జవాబు మూత్రంలో ఉన్నది. ఎండకు చెమట పోసిన పిల్లవాడు నీళ్లు ఎక్కువ తాగుతాడు, మూత్రం మాత్రం తక్కువగా, పచ్చగా పోస్తాడు. షుగర్ ఉన్న పిల్లవాడు నీళ్లూ ఎక్కువ తాగుతాడు, మూత్రమూ ఎక్కువ పోస్తాడు, అది నీళ్లలాగా తెల్లగా ఉంటుంది. వాంతుల విషయం కూడా అంతే. వాంతులై నాలుక ఎండిపోయిన పిల్లవాడికి మూత్రం తగ్గాలి. అట్లా ఎండిపోయి కూడా ధారాళంగా మూత్రం పోస్తూ ఉంటే వెంటనే అనుమానించాలి. డాక్టరు నాకు చెప్పిన మాటల్లో నాకు అన్నిటికంటే పనికివచ్చింది ఇదే.

ఈ దశలో పట్టుకోకపోతే ఏమవుతుంది? కొవ్వు కరిగినప్పుడు కీటోన్లు అనే పదార్థాలు పుడతాయి. ఇన్సులిన్ లేనప్పుడు అవి రక్తంలో పేరుకుపోయి రక్తాన్ని ఆమ్లంగా మారుస్తాయి. అప్పుడు వాంతులు, కడుపునొప్పి వస్తాయి. ఆ ఆమ్లాన్ని వదిలించుకోవడానికి ఊపిరి లోతుగా, వేగంగా నడుస్తుంది. నోటి నుంచి బాగా పండిన పండు వాసన వస్తుంది. తరువాత మత్తు, ఆపైన స్పృహ పోవడం. దీనికే కీటో అసిడోసిస్ అని పేరు. మోసమంతా ఇక్కడే ఉన్నది. వాంతులు చూసి కలరా అనుకుంటారు, కడుపునొప్పి చూసి అపెండిక్స్ అనుకుంటారు, ఊపిరి చూసి నిమోనియా అనుకుంటారు, నీరసం చూసి టైఫాయిడ్ అనుకుంటారు, బక్కపడితే నులిపురుగుల మందు ఇస్తారు. ఒక్కొక్క అనుమానానికి ఒక రోజు పోతుంది. ఆ పిల్లవాడి దగ్గర అన్ని రోజులు ఉండవు.

మరి ఏం చేయాలి? అయిదు నిమిషాలు పట్టని పని. వేలు పొడిచి ఒక చుక్క రక్తం చూడాలి. పొద్దున్నే పరగడుపున రావాలని గానీ, ల్యాబు రిపోర్టు రేపు వస్తుందని గానీ ఆగకూడదు. పైన చెప్పిన లక్షణాలు ఉండి, ఏ వేళ చూసినా రక్తంలో చక్కెర 200 గానీ అంతకు మించి గానీ ఉన్నదంటే అది షుగర్ వ్యాధే అనుకొని అదే రోజు పెద్ద దవాఖానాకు పంపాలి. మిషన్ మీద అంకెలకు బదులు హై అని వస్తే, ఆ మిషన్ కొలవగలిగినంత కంటే ఎక్కువ ఉన్నదని అర్థం. మిషన్ చెడిపోయిందనుకొని పక్కన పెట్టవద్దు.

ఒక జాగ్రత్త. వేలు పొడిచే ముందు సబ్బుతో చేతులు కడిగించి బాగా తుడవాలి. కొల్లాపూర్ వైపు వేసవిలో మామిడిపండు తిన్న వేలిని అట్లాగే పొడిస్తే ఆ రసంలోని చక్కెరను కూడా మిషన్ లెక్క వేస్తుంది. అనుమానం వస్తే కడిగి, ఇంకో వేలు చూడండి.

మిషన్ ఎక్కడిది అంటారా? మన ఊళ్లల్లోనే ఉన్నది. ముప్పై ఏళ్లు దాటిన వారికి బీపీ, షుగర్ పరీక్షలు చేయడానికి ప్రభుత్వ పథకం ఉన్నది. అందుకోసం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ఏఎన్ఎం అమ్మల దగ్గర ఈ మిషన్లు ఉంటున్నాయి. దాదీని పరీక్షించే మిషన్‌తోనే మనవరాలినీ పరీక్షించవచ్చు. పిల్లలకు వేరే మిషన్ లేదు. లేనిది ఒక్క ఆలోచన, పిల్లలకు కూడా షుగర్ వస్తుందనే ఆలోచన.

దీనికి నా అనుభవంలోనే రెండో ఉదాహరణ ఉన్నది. 2019లో నాలుగో తరగతి పిల్ల ఒకతె. రంజాన్‌కు కుట్టించిన కమీజు రెండు నెలల్లోనే భుజాల మీద నుంచి జారుతున్నది. నీళ్ల సీసా ఇంటర్వెల్‌కు ముందే ఖాళీ. ఒక వేలు చూపిస్తూ నిలబడింది. నాకు పదేళ్ల కిందటి బెంచీ గుర్తుకు వచ్చింది. వాళ్ల అమ్మీని పిలిపించి, ముగ్గురం నడుచుకుంటూ సబ్‌సెంటర్‌కు పోయాం. "ఇది ముప్పై ఏండ్లు దాటినోళ్లకు సార్" అన్నది అక్కడి సిస్టరమ్మ. "అమ్మా, నెత్తురుకు వయసు ఏమిటి? నా మాట మీద ఒక్కసారి చూడు తల్లీ" అన్నాను. చేతులు కడిగించి చూసింది. 438. ఆమె కూడా భయపడింది గానీ, ఆలస్యం చేయలేదు. మెడికల్ ఆఫీసరుకు ఫోను చేసి, చీటీ మీద ఆ అంకె, టైము రాసి, 108 పిలిపించింది. సాయంత్రానికి ఆ పిల్ల పిల్లల వార్డులో ఉన్నది. ఇంకా వాంతులు మొదలు కాలేదు. పది రోజుల్లో ఇంటికి వచ్చింది. చదువు మానలేదు. ఆ సిస్టరమ్మకు నేను ఎప్పుడు కనబడినా సలాం చేస్తాను.

ఇదేదో మారుమూల అరుదైన వ్యాధి, మనకెందుకు అనుకోవద్దు. ఇంటర్నేషనల్ డయాబెటిస్ ఫెడరేషన్ 2019లో వేసిన అంచనా ప్రకారం మన దేశంలో పదిహేనేళ్ల లోపు పిల్లల్లో 95,600 మందికి ఈ టైప్ వన్ వ్యాధి ఉన్నది, ఏడాదికి 15,900 మంది కొత్తగా దీని పాలబడుతున్నారు. అనగా రోజుకు నలభై మందికి పైగా. 2022లో భారత వైద్య పరిశోధన మండలి ఈ వ్యాధి చికిత్స గురించి డాక్టర్లకు ప్రత్యేకంగా మార్గదర్శకాలు కూడా విడుదల చేసింది.

టీచర్లు, పోస్టర్లు ఏం చేయగలవని కొందరు అడుగుతారు. ఇటలీ దేశంలో పార్మా అనే జిల్లా ఉన్నది. అక్కడ షుగర్ వ్యాధితో కొత్తగా దవాఖానాకు వచ్చే పిల్లల్లో వందకు 78 మంది కీటో అసిడోసిస్ అయ్యాకనే వచ్చేవారు. 1991 నుంచి అక్కడి డాక్టర్లు 177 బడుల్లోనూ, పిల్లల డాక్టర్ల గదుల్లోనూ ఒక పోస్టరు అంటించారు. పక్క తడపడం మానేసిన పిల్ల మళ్లీ తడుపుతున్నదా, నీళ్లు ఎక్కువ తాగుతున్నదా, బక్కపడుతున్నదా, ఇంతే దాని సారాంశం. టీచర్లకు, తల్లిదండ్రులకు చెప్పారు. డాక్టర్లకు చక్కెర కొలిచే పరికరాలు ఇచ్చారు. 1997 నాటికి చూస్తే ఆ 78 కాస్తా పన్నెండు, పదమూడుకు దిగింది. ఇంత మేలు చేసినవి కొత్త మందులు కావు. గోడ మీది కాగితం, టీచరు కన్ను, చక్కెర కొలిచే చిన్న పరికరం. ఈ మూడూ మన గద్వాలలో దొరకవా? మన వనపర్తిలో దొరకవా?

ఇక దవాఖానాల సంగతి. మన పిల్లలప్పుడు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో పెద్ద జబ్బు అంటే కర్నూలుకో, హైదరాబాదుకో పరుగెత్తవలసిందే. 2016 అక్టోబరు 11న మన మూడు జిల్లాలు వేరువేరుగా ఏర్పడ్డాయి. 2022లో వనపర్తిలోనూ, నాగర్‌కర్నూల్‌లోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలైనవి. 2024లో గద్వాలకూ వచ్చింది. హైదరాబాదులో పిల్లల కోసం 1953 నుంచి నిలోఫర్ దవాఖానా ఉండనే ఉన్నది. దారి దగ్గరపడింది. అయినా అయిజ, మల్దకల్ నుంచి గానీ, అమ్రాబాద్ నల్లమల పల్లెల నుంచి గానీ, ఆత్మకూరు వైపు నుంచి గానీ పిల్ల ఆ దవాఖానాకు చేరాలంటే ముందు ఎవరో ఒకరు గుర్తించి కదిలించాలి. ఆ ఎవరో ఒకరు మనమే.

ఊర్లో వైద్యం చేసే సోదరులకు ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. అర్ధరాత్రి తలుపు తడితే లేచేది మీరే. ఆ సేవను నేను తక్కువ చేయను. కానీ నీరసంగా, వాంతులతో వచ్చిన పిల్లకు చక్కెర చూడకుండా గ్లూకోజు బాటిల్ పెట్టకండి. షుగర్ ఉన్న పిల్లకు అది మంటలో కిరోసిన్. పెద్దవాళ్లకు ఇచ్చే షుగర్ మాత్రలు ఈ పిల్లలకు ఇన్సులిన్‌కు బదులు పనికిరావు. సెలైన్ ఎంత, ఇన్సులిన్ ఎంత, ఏది ముందు అన్నది పెద్ద దవాఖానా డాక్టర్లు కొలిచి ఇవ్వవలసింది. మీ వంతు ఒక చుక్క రక్తం చూడటం, చీటీ రాసి పంపడం. ఆ ఒక్క పనితోనే మీరు ఒక ప్రాణం కాపాడినవారవుతారు.

వ్యాధి బయటపడిన తరువాత తల్లిదండ్రుల గుండె పగులుతుంది. "జీవితాంతం సూదేనా?" అని ఏడుస్తారు. వారికి ఒక చరిత్ర చెప్పండి. వందేళ్ల కిందట ఈ వ్యాధి వచ్చిన పిల్లలకు కడుపు మాడ్చడం తప్ప చికిత్స లేదు. అట్లా ఎముకల గూడై చావుకు దగ్గర పడినవాడు లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రవాడు. కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ మొదలైనవారు 1921లో ఇన్సులిన్ కనిపెట్టారు. 1922 జనవరి 11న ఆ కుర్రవాడికి మొదటి సూది వేశారు. అది అంతగా పనిచేయలేదు. మందును ఇంకా శుద్ధి చేసి 23న మళ్లీ వేస్తే చక్కెర దిగింది. ఆ కుర్రవాడు ఇంకో 13 ఏళ్లు బతికాడు. ఆనాటి మందు ముతకది. ఈనాటి ఇన్సులిన్‌తో పిల్లలు చదువుతున్నారు, ఆడుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, పెళ్లిళ్లు చేసుకొని పిల్లల్ని కంటున్నారు. సూది అంటే శిక్ష అనుకోవద్దు. ఒంట్లో తయారు కాని రసాన్ని మనం బయటి నుంచి అందిస్తున్నాం, అంతే.

ఇన్సులిన్ ఎన్నడూ మానకూడదు. ఆకు మందు ఇస్తాం, సూది అక్కర లేకుండా చేస్తాం అనేవారి మాట నమ్మి సూది ఆపితే కొన్ని రోజుల్లోనే పాత ప్రమాదం తిరిగి వస్తుంది. దువా చేయండి, దవా మానకండి. రంజాన్‌లో రోగులకు రోజా నుంచి మినహాయింపు ఉన్నదని మన పెద్దలందరికీ తెలిసిందే. పిల్లవాడు పట్టుబట్టినా డాక్టరును అడగకుండా రోజా పెట్టించవద్దు. ఇంట్లో ఫ్రిజ్ లేదా? మన పాలమూరు ఎండల్లో మందు చెడకుండా, నీళ్లు పోసి తడిపిన ఇసుకలో చిన్న మట్టి కుండ పెట్టి, సీసాను పొడి డబ్బాలో ఉంచి ఆ కుండలో నీడన పెట్టుకోవచ్చు. ఫ్రిజ్ ఉంటే తలుపు దగ్గర పెట్టండి, గడ్డకట్టే డబ్బాలో మాత్రం పెట్టకండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. సూది తీసుకునే పిల్ల తరగతిలో ఉంటే చక్కెర మరీ తగ్గిపోవచ్చు కూడా. అకస్మాత్తుగా చెమటలు, వణుకు, ఆకలి, అయోమయం కనిపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర గానీ గ్లూకోజు పొడి గానీ నీళ్లలో కలిపి తాగించాలి. కొంచెం బెల్లమైనా ఫరవాలేదు. స్పృహ లేకుంటే మాత్రం నోట్లో ఏమీ పోయవద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108 పిలవాలి. టేబుల్ సొరుగులో సుద్దముక్కల పక్కన నేను ఒక గ్లూకోజు పొట్లం పెట్టుకుంటాను. 2017లో సీబీఎస్‌ఈ వారు ఇటువంటి విద్యార్థులు బోర్డు పరీక్ష హాలులోకి తినుబండారం తీసుకుపోవచ్చని అనుమతి ఇచ్చారు. పరీక్షలోనే అనుమతి ఉన్నప్పుడు మన తరగతిలో ఎందుకు ఉండకూడదు? మాటిమాటికీ బయటికి పోతానన్న పిల్లను ఆపవద్దు. పంపండి, కానీ లెక్క పెట్టండి. మూడు రోజులు అట్లాగే పోతే ఇంటికి కబురు పెట్టండి.

ఆడపిల్లల తండ్రులకు కూడా ఒక మాట చెప్పాలి. సంబంధాలు రావేమోనని కొందరు వ్యాధిని దాచిపెడుతున్నారు. చుట్టాల ఇంటికి పోయినప్పుడు సూది వేయనివ్వరు. గౌరవం నిలబెట్టుకోవడానికి పిల్లను పోగొట్టుకుంటామా? కొడుకుకు వేసే సూది బిడ్డకూ వేయించండి. దాచకపోతేనే ఆమె బతుకుతుంది, చదువుతుంది, రేపు తన కాళ్ల మీద తాను నిలబడుతుంది.

చివరగా సంఘం వారికి మూడు విన్నపాలు. మొదటిది, పైన చెప్పిన నాలుగు ఆనవాళ్లు ఉర్దూలోనూ తెలుగులోనూ పెద్ద అక్షరాలతో ఒక పోస్టరు అచ్చు వేయించి మూడు జిల్లాల బడుల్లో, మస్జిదుల దగ్గర, అంగన్‌వాడీల్లో, మందుల షాపుల్లో, ఊరి వైద్యుల ముంగిట్లో అంటించాలి. రెండవది, స్కాలర్‌షిప్పుల ఫండు పక్కన ఒక చిన్న ఫండు పెట్టి, వ్యాధి ఉన్న పేద పిల్లలకు చక్కెర చూసుకునే మిషన్, స్ట్రిప్పులు ఇప్పించాలి. ఇన్సులిన్ మన దేశ అత్యవసర మందుల జాబితాలో ఉన్నది, దానిని ప్రభుత్వ దవాఖానాలో అడగవచ్చు. కానీ రోజూ చూసుకునే స్ట్రిప్పుల ఖర్చు కూలివాళ్లకు భారం. కులం, మతం చూడకుండా ఏ పిల్లకైనా ఇవ్వాలి. మూడవది, నవంబరు 14న మనం బాలల దినోత్సవం జరుపుకుంటాం. ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్ పుట్టినరోజు కూడా అదే కావడం వల్ల ప్రపంచమంతా అదే రోజును డయాబెటిస్ దినంగా పాటిస్తున్నది. ఆ రోజు ప్రతి ఉర్దూ, తెలుగు మీడియం బడిలో మిఠాయి పంచే ముందు ఒక పది నిమిషాలు ఈ నాలుగు మాటలు పిల్లలకు చెప్పించండి. పిల్లలు ఇంటికి పోయి అమ్మీకి చెబుతారు, దాదీకి చెబుతారు.

ఆ దాదీ ఇప్పుడు లేదు. ఆమె అడిగిన ప్రశ్నకు నేను ఆ రోజు జవాబు ఇవ్వలేదు. అవునమ్మా, బడిలో కూడా అట్లాగే తాగేవాడు, నేను చూశాను, నాకు తెలియలేదు. ఆ జవాబును ఇంత ఆలస్యంగా మీ అందరి ముందు చెప్పుకుంటున్నాను. ఇకమీదట మన మూడు జిల్లాల్లో ఏ దాదీ ఏ మాస్టరును అట్లా అడగవలసిన అవసరం రాకూడదు.